బొడ్డుతాడు రక్తం దాచాలా వద్దా: గాజువాక తమ్ముడి ప్రశ్నకు నా జవాబు

మీరు రాసింది రెండుసార్లు చదివాను. ఇంట్లో మీ ఆవిడకు ఏడో నెల. మొన్న స్కానింగుకి వెళ్తే అక్కడ కూర్చున్న ఒక కంపెనీ అబ్బాయి "బొడ్డుతాడు రక్తం దాచండి సార్, 80 రోగాలకు రక్ష, నెలనెలా కట్టుకోవచ్చు" అన్నాడు, మొత్తం లెక్క వేస్తే 60 వేలు దాటింది. అది విని మీ నాన్నగారు తన మోకాళ్లకు కూడా స్టెమ్ సెల్ ఇంజక్షన్ వేయించమంటున్నారు. చివర్లో ఒక్క ముక్కలో, మీ వదినగారి (మీ ఆవిడ అక్కగారి) బాబుకి థలసీమియా (తల్లిదండ్రుల జన్యువుల వల్ల ఒంట్లో రక్తం సరిగ్గా తయారుకాని జబ్బు) అని, నెలకోసారి రక్తం ఎక్కిస్తున్నారని, ఈ బొడ్డుతాడు రక్తం వాడికైనా పనికొస్తుందా అని అడిగారు. మీది మేనరికమని, మామయ్యగారి రెండో అమ్మాయిని చేసుకున్నారని కూడా రాశారు. అది మీరు మాటవరసకు రాసి ఉంటారు గానీ నాకు మీ పోస్టులో అన్నిటికన్నా పెద్దగా కనిపించింది ఆ ముక్కే, దాని దగ్గరికి చివర్లో వస్తాను. టైము లేకపోతే ముందు ఆఖరి నాలుగు పేరాలు చదివేసి తర్వాత పైకి రండి.

నేను డాక్టర్ని కాదు. విశాఖలోనే 22 ఏళ్లుగా రక్తనిధి ల్యాబ్‌లో ఉద్యోగం, అందులో సగం కాలం మూలకణాలు, అదే స్టెమ్ సెల్స్, సేకరించే మెషిన్ పక్కనే గడిచింది. కాబట్టి మందుల గురించి, ట్రీట్‌మెంట్ గురించి ఆఖరి మాట మీ డాక్టరుదే. కానీ ఈ కణాలు ఎలా ఉంటాయి, ఎక్కడ దొరుకుతాయి, వాటితో ఏం అవుతుంది, వాటి పేరు చెప్పి ఏం అమ్ముతున్నారు, ఇవి మాత్రం రోజూ చూస్తున్న విషయాలు.

మూలకణం అంటే ఏమిటో మా అమ్మాయికి పెరుగుతో చెప్పాను, మీకూ అదే చెబుతా. రాత్రి పాలు తోడు పెట్టాలంటే గిన్నెలో కొంచెం పెరుగు పక్కన ఉంచుతాం కదా. మిగతాది అన్నంలో కలుపుకుంటాం, మజ్జిగ చేసుకుంటాం, ఆవకాయ అన్నం తిన్నాక నంజుకుంటాం, కానీ ఆ తోడు మాత్రం అయిపోనివ్వం. మూలకణం చేసే పని సరిగ్గా ఇదే. అది విడిపోయినప్పుడు కొంత భాగం తనలాగే తోడుగా మిగిలిపోతుంది, మిగతాది ఎర్రకణంగానో తెల్లకణంగానో చర్మంగానో మారి పనిలోకి వెళ్లిపోతుంది. పనిలోకి వెళ్లిన కణం మామూలుగా వెనక్కి రాదు, పెరుగు మళ్లీ పాలు కాదు కదా. (అలా వెనక్కి రప్పించిన మహానుభావుడు ఒకాయన ఉన్నాడు, ఆయన సంగతి కింద ఉంది.) తోడుగా మిగలడం, వేరేదిగా మారడం, ఈ రెండు గుణాలూ ఉంటేనే దాన్ని మూలకణం అంటారు.

మన ఒంట్లో ఈ పని ఎంత జోరుగా జరుగుతుందో తెలిస్తే కళ్లు తిరుగుతాయి. ఒక ఎర్రకణం ఆయుష్షు సుమారు 120 రోజులు. పోయినవాటి స్థానంలో మన ఎముకల్లోని మూలుగ, అదే మటన్ ముక్కలో మనం పీల్చుకునే మూలుగే, రోజుకు దాదాపు 20 వేల కోట్ల కొత్త ఎర్రకణాలు తయారుచేస్తుంది. పేగు లోపలి పొర నాలుగైదు రోజులకోసారి మొత్తం కొత్తదవుతుంది. కీమో ఇచ్చినప్పుడు జుట్టు ఊడటం, నోరు పూయడం, రక్తకణాలు పడిపోవడం ఒకేసారి ఎందుకు జరుగుతాయంటే, ఎక్కువగా విడిపోతూ ఉండే కణాల మీదే ఆ మందు దెబ్బ పడుతుంది గనుక.

ఇక రకాలు. ఇక్కడే జనం కలగాపులగం చేసేస్తారు, అమ్మేవాళ్లు కావాలని చేస్తారు. వీర్యకణం, అండం కలిశాక ఐదో రోజుకి పిండం ఒక చిన్న బుడగలా ఉంటుంది, ఆ బుడగ లోపల గుత్తిగా ఉండే కణాలు ఒంట్లో ఏ భాగమైనా కాగలవు. వాటిని పిండ మూలకణాలు అంటారు. ఎలుకల్లో 1981లో వేరుచేశారు, మనిషివి 1998లో అమెరికాలోని విస్కాన్సిన్‌లో జేమ్స్ థామ్సన్ బృందం ల్యాబ్‌లో పెంచింది. ఐవీఎఫ్‌లో వాడకుండా మిగిలిన పిండాల నుంచి తీస్తారు కాబట్టి దాని చుట్టూ నైతికమైన గొడవ చాలా నడిచింది, ఇంకా నడుస్తోంది. ఇవి ఏదైనా కాగలవన్నది గొప్పే, ప్రమాదమూ అదే. సరిగ్గా మార్చకుండా ఒంట్లో పెడితే గడ్డగా పెరుగుతాయి.

రెండో రకం పెద్దవాళ్లలో కూడా ఉండేవి. మూలుగలో, చర్మంలో, పేగులో, కంటి నల్లగుడ్డు అంచున, ఇలా ఒక్కో చోట ఒక్కో జాతి. ఇవి తమ ఊరి పని మాత్రమే చేస్తాయి. మూలుగలోని రక్త మూలకణం అన్ని రకాల రక్తకణాలూ చేస్తుంది గానీ దాన్ని మెదడులో పెట్టి న్యూరాన్ కమ్మంటే కాదు. బొడ్డుతాడు రక్తంలో ఉండేవి కూడా ప్రధానంగా ఈ రక్త మూలకణాలే. ఈ ఒక్క వాక్యం గుర్తుంటే ఆ కంపెనీ కరపత్రం సగం అర్థమైపోతుంది.

మూడోది జపాన్ వాళ్ల అద్భుతం. క్యోటోలో షిన్యా యమనక 2006లో ఎలుక చర్మకణాల్లోకి నాలుగే నాలుగు జన్యువులు పంపి వాటిని మళ్లీ పిండదశకు తిప్పేశాడు, మరుసటి ఏడాది మనిషి కణాలతోనూ చేసి చూపించాడు. పెరుగుని పాలు చేశాడన్నమాట. దీనికి దారి చూపింది జాన్ గర్డన్ అనే ఇంగ్లండు ఆయన, 1962లోనే కప్ప పేగుకణం కేంద్రకాన్ని అండంలో పెట్టి తోకకప్పలు పుట్టించాడు. ఇద్దరికీ కలిపి 2012లో నోబెల్ ఇచ్చారు. ఈ పద్ధతి వచ్చాక పిండాలతో పని లేకుండానే ఏ రోగి కణాన్నయినా మూలకణం చేయొచ్చు, అందుకే ఇప్పుడు కొత్త ప్రయోగాలు చాలా దీని మీద నడుస్తున్నాయి.

సరే, వీటిలో నిజంగా ఆసుపత్రిలో పనిచేస్తున్నది ఏది? నిస్సంకోచంగా రక్తం. మిగతావన్నీ ఒక ఎత్తు, ఇది ఒక్కటీ ఒక ఎత్తు. 1961లో టొరంటోలో టిల్, మెక్‌కల్లక్ అనే ఇద్దరు రేడియేషన్‌తో మూలుగ చచ్చిపోయిన ఎలుకలకు వేరే ఎలుకల మూలుగ ఎక్కించి, వాటి ప్లీహం మీద చిన్నచిన్న బొడిపెలు లేవడం గమనించారు. ఒక్కో బొడిపె ఒకే ఒక్క కణం నుంచి పుట్టిందని తర్వాత తేల్చారు. రక్త మూలకణం ఉందని అలా రుజువైంది. విచిత్రమేమిటంటే, అంతకుముందే 1956లో అమెరికాలో డోనల్ థామస్ అనే డాక్టరు రక్తక్యాన్సర్ రోగికి కవల తోబుట్టువు మూలుగ ఎక్కించేశాడు. ఆయనకు 1990లో నోబెల్ వచ్చింది. మన దేశంలో మొదటి మార్పిడి 1983లో ముంబై టాటా మెమోరియల్‌లో, తర్వాత 1986లో వెల్లూరు సీఎంసీలో జరిగాయి. ఒకప్పుడు మనవాళ్లందరూ దీనికోసం వెల్లూరు రైలు ఎక్కాల్సిందే.

మార్పిడి అనగానే అందరూ ఆపరేషన్ థియేటర్, కత్తులు, కుట్లు ఊహించుకుంటారు. అదేం లేదండీ. దాతకి నాలుగైదు రోజులు ఒక ఇంజక్షన్ ఇస్తాం, దాంతో మూలుగలో దాక్కున్న మూలకణాలు రక్తంలోకి దిగుతాయి. ఆ రోజుల్లో నడుం, తొడ ఎముకలు సలుపుతాయి, ఫ్లూ జ్వరంలా ఉంటుంది, పారాసిటమాల్‌తో తగ్గుతుంది. తర్వాత మెషిన్ దగ్గర నాలుగైదు గంటలు పడుకోబెడితే ఒక చేతి నుంచి రక్తం వెళ్లి, కావాల్సిన కణాలు సంచిలో పడి, మిగతాది రెండో చేతిలోకి తిరిగి వస్తుంది. ఆ సంచి రంగు పలచటి టమాటా చారులా ఉంటుంది, కొత్తగా చేరిన నర్సులు "ఇంతేనా" అంటారు. ఇంతే. రోగి బరువులో కిలోకి కనీసం 20 లక్షల మూలకణాలు ఉండేలా చూసుకుంటాం. రోగికి ముందే కీమోతో పాత మూలుగ ఖాళీ చేసి, ఈ సంచిని మామూలు రక్తం ఎక్కించినట్టే ఎక్కిస్తారు.

నాకు ఇన్నేళ్లయినా ఆశ్చర్యం తగ్గనిది ఇక్కడే. చేతి నరంలోకి ఎక్కించిన ఆ కణాలు ఎవరూ దారి చెప్పకుండానే ఎముకల్లోకి వెళ్లి కూర్చుంటాయి. మూలుగ వదిలే ఒక రసాయనం వాటిని పిలుస్తుంది. రెండు మూడు వారాలకు తెల్లకణాల సంఖ్య మెల్లగా లేస్తుంది, ఆ రిపోర్టు కోసం వార్డులో ఇంటిల్లిపాదీ కాచుకుని ఉంటారు. సొంత కణాలే తీసి, మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజనిలో దాచి, తిరిగి ఎక్కిస్తే ఆ గదంతా ఒక రోజుపాటు వెల్లుల్లీ ఉడికించిన మొక్కజొన్నా కలిసినట్టు వాసన వస్తుంది, దాచేటప్పుడు కలిపిన మందు వాసన అది. బీచ్ రోడ్డులో ఉడకబెట్టిన పొత్తుల బండి పక్కగా వెళ్లినప్పుడల్లా నాకు వార్డు గుర్తొస్తుంది, ఏం చేస్తాం.

మైలోమా (మూలుగలో వచ్చే ఒక క్యాన్సర్), కొన్ని లింఫోమాలకు (లింఫు గ్రంథుల క్యాన్సర్లు) సొంత కణాలు వాడతారు. రక్తక్యాన్సర్లు, ఎప్లాస్టిక్ అనీమియా (మూలుగ రక్తకణాలు చేయడం మానేసే జబ్బు), థలసీమియా, సికిల్ సెల్ (ఎర్రకణాలు కొడవలిలా వంగిపోయే జబ్బు), పుట్టుకతో వచ్చే రోగనిరోధక లోపాలకు ఇంకొకరి కణాలు కావాలి. ఇంకొకరివి అయితే హెచ్ఎల్ఏ అనే గుర్తులు కలవాలి, తోబుట్టువుతో పూర్తిగా కలిసే అవకాశం నాలుగింట ఒకటి. కలవకపోతే కొత్తగా వచ్చిన కణాలే రోగి చర్మం, పేగు, కాలేయం మీద దాడిచేస్తాయి. ఇప్పుడు సగం కలిసిన తల్లీ తండ్రీ కణాలతో కూడా చేస్తున్నారు, దాడిని అణిచే మందులు మెరుగయ్యాయి. అయినా ఇది తేలిక వైద్యం మాత్రం కాదు, ఇన్‌ఫెక్షన్లతో పోయినవాళ్లనీ చూశాను.

రక్తం తర్వాత నేను గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పగలిగింది కన్ను, అది మన తెలుగువాళ్లు గర్వపడాల్సిన కథ. నల్లగుడ్డు అంచున ఉండే మూలకణాలే దాని పైపొరను ఎప్పటికప్పుడు కొత్తగా చేస్తుంటాయి. యాసిడ్ పడినా, సున్నం పడినా ఆ అంచు కాలిపోయి కన్ను తెల్లబడుతుంది. కిళ్లీ సున్నం ప్యాకెట్ పిల్లలు నొక్కితే చిట్లి కంట్లో పడుతుందని ఎంతమందికి తెలుసు? హైదరాబాద్ ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి వాళ్లు 2001 నుంచి బాగున్న కంటి కణాలను ల్యాబ్‌లో పెంచి దెబ్బతిన్న కంటికి అతికించారు. తర్వాత డాక్టర్ వీరేందర్ సంగ్వాన్ బృందం ల్యాబే అక్కర్లేని పద్ధతి కనిపెట్టి 2012లో ప్రచురించింది. బాగున్న కంటి నుంచి రెండు మిల్లీమీటర్ల ముక్క తీసి, దాన్ని ఎనిమిదో పదో తునకలు చేసి, కాన్పులో వచ్చే మాయ పొరను కంటిపై పరిచి, దాని మీద నారు వేసినట్టు అతికిస్తారు. ఆ తునకలు అక్కడే పెరిగి కమ్ముకుంటాయి. ఖరీదైన ల్యాబ్ లేదు, చాలా దేశాలు ఇప్పుడు ఇదే చేస్తున్నాయి. ఆ ఆసుపత్రి శాఖ మన విశాఖ హనుమంతవాకలోనే ఉంది. చూశారా, అవసరమైన కణం అవసరమైన చోటే పడింది, అక్కడ అది పుట్టినప్పటి నుంచీ చేసే పనే చేసింది. రక్తంలోనూ అంతే. పనిచేసిన చోటల్లా నాకు కనిపించే పోలిక ఇదే, మీకు ఎవరు ఏ స్టెమ్ సెల్ వైద్యం చెప్పినా "ఎవరి కణం, ఒంట్లో ఎక్కడ నుంచి, ఎక్కడికి వెళ్తుంది, వెళ్లాక ఏమవుతుంది" అని నాలుగు ముక్కలు అడగండి. నీళ్లు నమిలితే లేచి వచ్చేయండి.

ఇప్పుడు మీ నాన్నగారి మోకాళ్లు ఈ పరీక్షకి పెడదాం. మోకాలికి వేసేవి ఎక్కువగా మూలుగ నుంచో కొవ్వు నుంచో తీసిన వేరే జాతి కణాలు, మీసెంకైమల్ స్టెమ్ సెల్స్ అంటారు. వాటిని ఇంజక్షన్‌గా వేస్తే అవి కూర్చుని కొత్త మృదులాస్థి అల్లేస్తాయని అనుకుంటారు. అలా జరగదు, వాటిలో చాలావరకు కొద్ది రోజుల్లో, వారాల్లో చనిపోతాయి, బతికున్నంతసేపు వాపు తగ్గించే రసాయనాలు వదులుతాయి. ఆ పేరు పెట్టిన ఆర్నాల్డ్ కాప్లానే తర్వాత 2017లో ఇక వీటిని స్టెమ్ సెల్స్ అనడం మానేయండి బాబూ అని రాశాడు. అలాగని అంతా మోసం అనను. మోకాలి అరుగుదల మధ్యస్థంగా ఉన్నవాళ్లకి మన ఔషధ నియంత్రణ సంస్థ అనుమతించిన ఉత్పత్తి ఒకటి ఉంది, దాతల మూలుగ నుంచి ఫ్యాక్టరీలో పెంచింది, నొప్పి తగ్గించడానికి. కానీ సందు చివర క్లినిక్‌లో మీ పొట్ట కొవ్వు తీసి గంటలో తిప్పి వేసేది అది కాదు. ఇంకా కొన్నిచోట్ల సొంత రక్తం తిప్పి ప్లేట్‌లెట్ల రసం వేసి, అదే పీఆర్‌పీ, దాన్నే స్టెమ్ సెల్ అని చెప్పేస్తున్నారు. మీ నాన్నగారికి ఎముకకు ఎముక తగులుతున్న దశ అయితే ఇలాంటి ఇంజక్షన్ల మీద పెద్దగా ఆశ పెట్టుకోవద్దు. ముందు ఎక్స్‌రేలో ఏ గ్రేడో అడగండి, బరువు, తొడ కండరాల వ్యాయామం సంగతి చూడండి.

కణాలే కదా, పనిచేయకపోతే పోయేదేముంది అంటారు. పోయేది ఉంది. అమెరికాలో ఫ్లోరిడాలో ముగ్గురు ఆడవాళ్లు మనిషికి 5,000 డాలర్లు కట్టి పొట్ట కొవ్వు కణాలు రెండు కళ్లలోకీ వేయించుకుని చూపు పోగొట్టుకున్నారు, 2017లో వైద్యపత్రికలో వచ్చింది. మా కంచరపాలెం వీధిలోనే ఒకాయన, పేరు వద్దు, సెరిబ్రల్ పాల్సీ ఉన్న కూతురికి వేరే ఊళ్లో ఒక క్లినిక్‌లో మూడు డోసులు వేయించాడు, ఇంటి మీద అప్పు చేసి. మొదటి నెల పాప బాగా చూస్తోంది అన్నాడు, ఫిజియోథెరపీ కూడా అప్పుడే మొదలుపెట్టారు మరి. ఏడాదికి ఎక్కడ ఉందో అక్కడే ఉంది. ఆయన నన్ను ముందు అడగలేదు, తర్వాత అడిగాడు, అప్పుడు ఏం చెప్పను?

మన దేశంలో రూలు స్పష్టంగానే ఉంది. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాల ప్రకారం రక్త మూలకణ మార్పిడి లాంటి ఒప్పుకున్న వైద్యం తప్ప మిగతా ఏ రోగానికి వాడినా అది అనుమతి ఉన్న ప్రయోగంగానే (క్లినికల్ ట్రయల్) జరగాలి. ప్రయోగానికి రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదు. కాబట్టి ఆటిజంకి, షుగర్‌కి, పక్షవాతానికి లక్షలు కట్టమన్నారంటే ఆ మాటతోనే తేలిపోయింది. ప్రయోగమైతే సీటీఆర్ఐ అనే ప్రభుత్వ రిజిస్ట్రీలో నంబరు ఉంటుంది, అడగండి. నంబరు ఉన్నంత మాత్రాన వైద్యం పనిచేస్తుందని కాదు, అదీ గుర్తుంచుకోండి.

షుగర్ అన్నాను కాబట్టి ఒక మాట. ల్యాబ్‌లో మూలకణాల నుంచి ఇన్సులిన్ చేసే కణాలు తయారుచేసి ఎక్కిస్తే 12 మందిలో 10 మంది ఏడాదికి ఇన్సులిన్ మానేశారని 2025లో ప్రచురించారు. నిజంగా పెద్ద విషయం. కానీ వాళ్లంతా ఎక్కువగా చిన్న వయసులోనే మొదలయ్యే టైప్ 1 వాళ్లు, అదీ ప్రమాదకరంగా షుగర్ పడిపోతుండేవాళ్లు, రోజూ రోగనిరోధకశక్తి అణిచే మాత్రలు వేసుకోవాలి. మన ఇళ్లల్లో అమ్మానాన్నలకు ఉండేది టైప్ 2. వాట్సాప్‌లో మాత్రం "షుగర్‌కి శాశ్వత పరిష్కారం" అని తిరుగుతోంది.

సరే, బొడ్డుతాడు. 1988లో పారిస్‌లో ఎలియాన్ గ్లుక్‌మన్ మొట్టమొదటి బొడ్డుతాడు రక్త మార్పిడి చేసింది, ఫాంకోనీ అనీమియా అనే పుట్టుకతో వచ్చే రక్తరోగం ఉన్న అమెరికా అబ్బాయికి. ఆ రక్తం ఎవరిదో తెలుసా? ఆ పిల్లాడిది కాదు, అప్పుడే పుట్టిన చెల్లెలిది. కంపెనీ అబ్బాయి చెప్పిన 80 రోగాల జాబితా అబద్ధం కాదు, వాటికి మూలకణ మార్పిడి చేస్తారు. కానీ అందులో అత్యధికం ఇంకొకరి కణాలతో చేసేవి. మీ బిడ్డకి థలసీమియా ఉందనుకోండి, వాడి బొడ్డుతాడు రక్తంలోనూ అదే చెడ్డ జన్యువు ఉంటుంది, తోడే పాడైతే పెరుగు ఎలా బాగుంటుంది? రక్తక్యాన్సర్ వస్తే, పిల్లల్లో కొన్ని రకాలకు బీజం పుట్టుకనాటికే రక్తంలో పడి ఉంటుంది, కాబట్టి దాచిన సొంత రక్తాన్ని వాడటానికి డాక్టర్లు ఇష్టపడరు. పెద్దయ్యాక మైలోమా లాంటివి వస్తే సొంత కణాలే కావాలి గానీ అప్పటికప్పుడు ఒంట్లోంచే తీస్తాం, పాతికేళ్ల కిందటి సంచి అక్కర్లేదు. పైగా ఒక కాన్పులో దొరికేది సాధారణంగా 100 మిల్లీలీటర్ల లోపే, పెద్ద మనిషికి ఆ కణాలు చాలవు, అందుకే అవసరమైతే రెండు సంచులు కలిపి ఎక్కిస్తారు.

ఐసీఎంఆర్ కూడా సొంతానికి దాచుకోవడానికి శాస్త్రీయ ఆధారం లేదనే రాసింది. ఇంకొకటి, మీ డాక్టరమ్మని అడగండి, బిడ్డ పుట్టగానే తాడు కోయకుండా కనీసం ఒక నిమిషం ఆగమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది, ఆ రక్తం బిడ్డలోకి వెళ్లి కొన్ని నెలలపాటు ఐరన్ లోటు రాకుండా కాస్తుంది. సంచి నింపాలన్న తొందరలో ఆ నిమిషం పోకూడదు. పాలపళ్లు దాచండి అని కూడా ఫోన్లు చేస్తున్నారట ఇప్పుడు, వాటికి జవాబు రాయడానికి ఓపిక లేదు. మీ విషయంలో నా మాట: ఆ 60 వేలు కట్టొద్దు.

కానీ ఐసీఎంఆరే ఒక మినహాయింపు ఇచ్చింది, అది మీ వదినగారికి సరిగ్గా సరిపోతుంది. ఇంట్లో పెద్ద పిల్లకో పిల్లాడికో మార్పిడితో నయమయ్యే రోగం ఉండి, అదే తల్లి మళ్లీ కడుపుతో ఉంటే, ఆ రెండో బిడ్డ బొడ్డుతాడు రక్తం దాచడం తెలివైన పని. అంటే దాచాల్సింది మీ బిడ్డది కాదు, మీ వదినగారు రెండో కాన్పు అనుకుంటే ఆ బిడ్డది. ఆ గర్భానికి 11వ వారం దాటగానే మాయ నుంచి చిన్న నమూనా తీసి థలసీమియా ఉందో లేదో చూస్తారు, హెచ్ఎల్ఏ కూడా చూడొచ్చు. బాబుకి ఇప్పటికే అక్కో అన్నో ఉంటే ముందు వాళ్లకు హెచ్ఎల్ఏ చేయించమనండి. తోబుట్టువు కలిస్తే ఐరన్ పేరుకోకముందే చిన్న వయసులో చేసిన మార్పిడికి ఫలితాలు చాలా బాగుంటాయి. ఖర్చుకి కోల్ ఇండియా నిధులతో థలసీమియా బాల సేవా యోజన అని 2017 నుంచి ఒక పథకం ఉంది, అర్హత ఉంటే 10 లక్షల వరకు ఇస్తారు. తోబుట్టువు లేకపోతే చెన్నైలోని దాత్రి లాంటి మూలకణ దాతల రిజిస్ట్రీల్లో వెతుకుతారు, మన తెలుగువాళ్లు అందులో ఎంతమంది పేరు రాయించుకుంటే మన పిల్లలకు అంత దొరికే వీలు, బుగ్గ లోపల దూదిపుల్లతో రాసి ఇవ్వడమే. మీ బిడ్డ మీ వదినగారి బాబుకి కలుస్తాడా అంటే, పినతల్లి బిడ్డ కలిసే అవకాశం తక్కువ. మేనరికం వల్ల మామూలు కన్నా కాస్త ఎక్కువ ఉండొచ్చు, దాని కోసం ముందే డబ్బు కట్టక్కర్లేదు, ఆ బిడ్డ ఎక్కడికీ పోడు కదా, కావాలంటే తర్వాత పరీక్ష చేసుకోవచ్చు.

ఇప్పుడు నన్ను నిద్రపోనివ్వని ముక్క. బాబుకి థలసీమియా అంటే మీ వదినగారూ అన్నయ్యగారూ ఇద్దరూ ఆ జన్యువును మోస్తున్నవాళ్లే, లేకపోతే రాదు. వదినగారికి అది మీ మామయ్యగారి నుంచైనా వచ్చింది, అత్తయ్యగారి నుంచైనా వచ్చింది. కాబట్టి మీ ఆవిడకు ఉండే అవకాశం సగం. మామయ్యగారి వైపు నుంచి వచ్చి ఉంటే, ఆయన మీ అమ్మగారికి సొంత అన్నయ్య, అమ్మగారికి కూడా ఉండే అవకాశం సగం, ఆవిడకు ఉంటే మీకు మళ్లీ అందులో సగం. మోసేవాళ్లకి ఏ బాధా ఉండదు, కాస్త నీరసం, "రక్తం తక్కువ" అని ఐరన్ మాత్రలు రాయించుకుంటూ జీవితమంతా గడిపేస్తారు. ఇద్దరూ మోస్తున్నవాళ్లయితే మాత్రం ప్రతి కాన్పులోనూ బిడ్డకు రోగం వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. ఈ మాట మీకు ఎవరూ చెప్పలేదంటే నాకు కోపం వస్తోంది, అంత పెద్ద రోగం ఇంట్లో ఉంటే మొదటి నెలలోనే అడగాల్సింది.

రేపే చేయండి. మీ ఆవిడ పాత రక్తపరీక్షల రిపోర్టులో ఎర్రకణం సైజు చెప్పే ఎంసీవీ అని ఒక నంబరు ఉంటుంది, 80 కంటే తక్కువ ఉందేమో చూడండి. ఎలా ఉన్నా సరే మీరిద్దరూ హెచ్‌పీఎల్‌సీ పద్ధతిలో (రక్తంలోని హిమోగ్లోబిన్ రకాలను విడదీసి చూసేది) హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకోండి, ఒక్కొక్క గొట్టం రక్తం చాలు, వైజాగ్‌లో చాలా ల్యాబుల్లో తీసుకుంటారు, ఆ 60 వేలలో చిన్న ముక్క కూడా కాదు. అందులో హెచ్‌బీఏ2 (హిమోగ్లోబిన్‌లో ఒక రకం) అన్న నంబరు 3.5 శాతం దాటితే మోస్తున్నట్టు అనుమానించాలి. ఐరన్ బాగా తక్కువగా ఉంటే ఈ నంబరు కిందికి దిగి మోసం చేస్తుంది, కాబట్టి బోర్డర్‌లో ఉంటే రక్తవ్యాధుల డాక్టరుకి చూపించండి. ఇద్దరిలో ఒక్కరికి లేకపోయినా ఈ బిడ్డకు థలసీమియా భయం లేదు, హాయిగా సీమంతం చేసుకోండి.

ఇద్దరికీ ఉందనే తేలితే కూడా టెన్షన్ పడి పరుగులు పెట్టొద్దు, నాలుగింట మూడు వంతులు బిడ్డ బాగానే ఉంటుంది. పుట్టినప్పుడు ఏ బిడ్డయినా మామూలుగానే కనిపిస్తుంది, రోగం ఉంటే ఆరో నెల దాటాకే పాలిపోవడం మొదలవుతుంది, అందుకే చాలామంది ఆలస్యంగా తెలుసుకుంటారు. మీరు ఆగక్కర్లేదు. కాన్పు రోజున బొడ్డుతాడు నుంచి ఒక చిన్న గొట్టం రక్తం జన్యు పరీక్షకి పంపమని మీ డాక్టరమ్మకి ముందే చెప్పి ఉంచండి. ఈ విషయం అమ్మగారికి, వదినగారికి కూడా చెప్పండి, మీ ఇంట్లో ఇంకా పెళ్లి కావాల్సిన చెల్లెళ్లూ మరదళ్లూ ఉంటే పెళ్లిచూపులకు ముందే ఈ పరీక్ష అయిపోవాలి. డాక్టరు చెప్పకుండా ఐరన్ మాత్రలు ఆపేయకండి. రిపోర్టులు రాగానే పేర్లు చెరిపేసి ఎంసీవీ, హెచ్‌బీఏ2 నంబర్లు ఇక్కడే రాయండి, రాత్రి డ్యూటీ అయ్యాక చూస్తాను.